ఆయిల్ రంగులతో స్కేల్ మోడళ్లకు వెదరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడలో మా మేడ మీది గదిలో పాతికేళ్లుగా మోడళ్లు చేసుకుంటున్నాను. ఎక్కువగా రైలు వేగన్లు, అప్పుడప్పుడు ఒక ట్యాంకో విమానమో. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం నుంచి ఇదే ఇష్టం ఉన్నవాళ్లు ఫోన్ చేస్తుంటారు, మోడల్ చేత్తో పట్టుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. వెదరింగ్ గురించి, అంటే మోడల్‌ను వాడి పాతబడినట్టు చూపించే పని గురించి అందరూ అడిగేది అవే సందేహాలు. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు రాసి, పని జరిగే వరసలో పెట్టాను. ఏ జవాబు దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

వెదరింగ్ అంటే మోడల్‌కి మురికి పుయ్యడమేనా?

కాదు. ఎండకు వెలవడం, వానకు కారడం, చేతులు తగిలి అరగడం, దుమ్ము పట్టడం, ఇనుము తుప్పెక్కడం: వీటిలో ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది, ఒక చోటు ఉంటుంది. మీ వీధిలో ఏదైనా పాత ఇనప గేటు దగ్గర ఒక్క ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ప్రతి బోల్టు కింద ఒక చార ఉంటుంది. బోల్టు దగ్గర ముదురుగా, సన్నగా మొదలై, కిందికి దిగేకొద్దీ పలచబడి, చివర ఎక్కడ ఆగిందో తెలియకుండా పోతుంది. గొళ్లెం పక్కన మాత్రం తుప్పు ఉండదు, చేతులు తగిలి నున్నగా మెరుస్తుంటుంది. కింది అంచుకు జానెడు ఎత్తు వరకు వాన చినుకులు ఎగరేసిన ఎర్రమట్టి. మోడల్ ముందు కూర్చున్నప్పుడు మూడు సంగతులు ఆలోచిస్తే చాలు: నీళ్లు ఎక్కడి నుంచి కారతాయి, చెయ్యీ కాలూ ఎక్కడ తగులుతాయి, దుమ్ము ఎక్కడ నిలుస్తుంది. ఈ మూడూ తేలకుండా బ్రష్ పట్టుకుంటే చివరికి మిగిలేది మురికే.

అక్రిలిక్ రంగులు ఉన్నాయిగా, ఆయిలే ఎందుకు?

అక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది. వేసినది నచ్చకపోతే అప్పటికే ఆలస్యం అయిపోతుంది. ఆయిల్ రంగు గంటల తరబడి తడిగా ఉంటుంది. పెట్టొచ్చు, చూడొచ్చు, టీ తాగి వచ్చి సగం తుడిచెయ్యొచ్చు. ట్యూబు రంగులో ఉండేది అవిసె నూనె. అది నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. ఈ నిదానమే మనకు లాభం. ఇంకొకటి, ఆయిల్ రంగును పలచన చేసే వైట్ స్పిరిట్, బాగా ఆరిన అక్రిలిక్ బేస్‌ను కదిలించదు. పైన ఆయిల్‌తో చేసినదంతా చెరిపేసినా కింది రంగు అలాగే ఉంటుంది. కొత్తవాళ్లకు ఇంతకంటే ధైర్యం ఇచ్చే రంగు నాకు తెలియదు.

షాపులో పెద్ద సెట్ కొనమంటున్నారు. నిజంగా ఎన్ని రంగులు కావాలి?

ఏడు చాలు: బర్న్ట్ అంబర్, రా అంబర్, బర్న్ట్ సియెన్నా, యెల్లో ఆకర్, ఇండియన్ రెడ్, ఐవరీ బ్లాక్, టైటానియం వైట్. విమానాలు చేసేవాళ్లు పేన్స్ గ్రే కూడా తీసుకోండి. అంబర్లు, సియెన్నా, ఆకర్, ఇండియన్ రెడ్ అన్నీ ఇనప ఆక్సైడ్ రంగులే. అంటే తుప్పునూ మట్టినీ చూపించడానికి తుప్పూ మట్టీ జాతి పదార్థాన్నే వాడుతున్నాం, అందుకే అవి అంత సహజంగా కుదురుతాయి.

కామెల్ గానీ విన్సర్ అండ్ న్యూటన్ వారి వింటన్ గానీ సరిపోతాయి. మోడలింగ్ కోసమే చేసే 502 అబ్టైలుంగ్ రంగుల్లో నూనె తక్కువగా ఉంటుంది, కానీ ధర ఎక్కువ. మొదటి మోడల్‌కే అవసరం లేదు. చిన్న ట్యూబు కూడా ఏళ్ల తరబడి వస్తుంది. మన ఊళ్లలో స్టేషనరీ షాపులో అడిగితే ఒక్కోసారి ఆయిల్ పేస్టెల్స్ చేతిలో పెడతారు. అవి మైనం కడ్డీలు, మనకు పనికిరావు. ట్యూబు మీద ఆయిల్ కలర్ అని ఉందో లేదో చదివి కొనండి. ఇక్కడ దొరక్కపోతే విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో ఆర్ట్ సామాన్లు అమ్మే దుకాణాల్లో చూడండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.

అన్నా, వైట్ స్పిరిట్ దొరకలేదు. టర్పెంటైన్, కిరోసిన్, ఎన్‌సీ థిన్నర్‌లో ఏది వాడను?

ఎన్‌సీ థిన్నర్ అస్సలు వద్దు, అది రంగుతో పాటు ప్లాస్టిక్‌నీ కరిగిస్తుంది. కిరోసిన్ ఆరాక జిడ్డు వదిలిపోతుంది, దాని మీద వార్నిష్ పట్టదు. పైన్ చెట్ల బంక నుంచి తీసే అసలు టర్పెంటైన్ కొంచెం ఘాటైనది, పలచని బేస్‌ను లేపేసే ప్రమాదం ఉంది. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే మినరల్ టర్పెంటైన్ వైట్ స్పిరిట్‌కి దగ్గర బంధువు, అది వాడొచ్చు. కాకపోతే సీసా సీసాకీ శుద్ధిలో తేడా ఉంటుంది. కిట్ భాగాలను పట్టుకుని ఉండే ప్లాస్టిక్ ఫ్రేమ్‌కి మీ బేస్ రంగు వేసి, బాగా ఆరాక ఆ ద్రవం అద్ది, పది నిమిషాలు ఆగి ఇయర్ బడ్‌తో రుద్దండి. బడ్‌కి రంగు అంటకపోతే నిశ్చింతగా వాడుకోండి. వాసన లేని వైట్ స్పిరిట్ దొరికితే మాత్రం అదే అన్నిటికంటే మంచిది.

బ్రష్‌లు ఖరీదైనవే కొనాలా?

ఒక్కటి మాత్రం మంచిది కొనండి: మొన తిరిగి ఉండే 0 నంబర్ రౌండ్ బ్రష్. సందుల్లో రంగు దింపడానికి అదే ఆధారం. చారలు లాగడానికి 4 నంబర్ ఫ్లాట్ సింథటిక్ బ్రష్ చాలు. అంచులు చెరపడానికి వెంట్రుకలు విచ్చుకుపోయిన పాత బ్రష్ కొత్తదానికంటే బాగా పనిచేస్తుంది, పారెయ్యకండి.

## బేస్, వార్నిష్

బేస్ కోటు ఏ రంగుతో వెయ్యాలి?

అక్రిలిక్ రంగు గానీ లాకర్ రంగు గానీ. ఎనామెల్ బేస్ వేస్తే వైట్ స్పిరిట్ దాన్ని కదిలించేస్తుంది. తప్పనిసరై ఎనామెల్ వేసినవాళ్లు పైన అక్రిలిక్ వార్నిష్ వేసి, అది పూర్తిగా ఆరాకే ముందుకు వెళ్లాలి. ఏ బేస్ అయినా ఒక రోజు ఆగండి. ఇంకో మాట: ఆయిల్‌తో ఏం చేసినా మోడల్ మొత్తం ఒక మెట్టు ముదురుతుంది. అందుకే బేస్‌ను మీరు చివరికి కోరుకునే రంగు కంటే కాస్త లేతగా వెయ్యండి.

గ్లాస్ (మెరిసే) వార్నిష్ తప్పనిసరా? మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ మీద చేస్తే ఏమవుతుంది?

మీరు చెయ్యబోయే పనిని బట్టి. ప్యానెల్ సందుల్లోకి, రివెట్ల చుట్టూ రంగు పారాలంటే నున్నటి పొర కావాలి. గ్లాస్ గానీ సెమీ గ్లాస్ గానీ వేస్తే రంగు సందు పట్టుకుని తనంతట తనే పరుగెడుతుంది, పక్కకు కారినది సులువుగా తుడుచుకుపోతుంది. మ్యాట్ మీద అదే రంగు బ్లాటింగ్ పేపర్ మీద సిరాలా పాకి మరకవుతుంది. కానీ ఎండకు వెలిసినట్టు, దుమ్ము పట్టినట్టు చూపించే పనికి కొంచెం గరుకుదనం అవసరం, నున్నటి పొర మీద రంగు నిలవదు. నేను వేగన్లకు మొత్తం ఈ రెండిటికీ మధ్యరకమైన శాటిన్ వార్నిష్ వేసి రెండు పనులూ దాని మీదే చేస్తాను. అటూ ఇటూ మార్చే బాధ తప్పుతుంది.

డీకాల్స్ (అంకెలు, గుర్తుల స్టిక్కర్లు) ఎప్పుడు అంటించాలి?

వెదరింగ్‌కి ముందే. నిజం వేగన్ మీద అంకెలు కూడా అదే ఎండకు వెలిసి, అదే దుమ్ము తింటాయి. గ్లాస్ వార్నిష్ మీద డీకాల్ అంటించి, ఆరాక పైన ఇంకో పొర వార్నిష్‌తో మూసెయ్యండి. మూయకపోతే స్పిరిట్ డీకాల్ అంచు కిందికి చేరి లేపేస్తుంది.

వానాకాలంలో వార్నిష్ కొడితే పొగ పట్టినట్టు తెల్లబడింది. ఎందుకు?

గాలిలో తేమ. స్ప్రే డబ్బాలో ద్రావకం వేగంగా ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి తేమ పొరలో చిక్కుకుని తెల్లగా కనిపిస్తుంది. జులై, ఆగస్టు నెలల్లో నాగావళి పక్క ఊళ్లలో గోడలే చెమ్మగిల్లుతుంటే వార్నిష్ ఎలా ఆగుతుంది? ఉప్పు డబ్బాలో ఉప్పు ముద్ద కట్టిన రోజు స్ప్రే డబ్బా ముట్టుకోకండి, నేను పాటించే కొలత ఇదే. వాన తెరిపిచ్చిన రోజు, మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు లోపు, పలచటి పొరలుగా కొట్టండి. అప్పటికే తెల్లబడిన మోడల్ ఉంటే పొడి వాతావరణం వచ్చేదాకా దాచి, అదే వార్నిష్ పలచగా ఒక్క పొర కొట్టి చూడండి. చాలాసార్లు తెలుపు విరుగుతుంది.

## రంగు వేసేటప్పుడు

ట్యూబులోంచి తీసి నేరుగా వేస్తే జిడ్డుగా మెరుస్తోంది, వారమైనా ఆరట్లేదు.

నూనె ఎక్కువైంది. చెప్పుల డబ్బా అట్ట లాంటి మెరుపు లేని అట్టముక్క తీసుకుని, దాని మీద బఠాణీ గింజంత రంగు పెట్టండి. అరగంటలో చుట్టూ అట్ట మీద నూనె వలయం పాకుతుంది. నేను మామూలుగా రెండు గంటలు వదిలేస్తాను. తర్వాత ఆ రంగును తీసి వైట్ స్పిరిట్‌తో కలుపుకుంటే మెరుపు లేకుండా, త్వరగా ఆరుతుంది. రాత్రంతా వదిలేస్తే మరీ పొడిబారి ఉండలు కడుతుంది. శుభలేఖల అట్ట పనికిరాదు, పైన నున్నటి పూత ఉంటుంది కాబట్టి నూనె పీల్చదు.

ఫిల్టర్, వాష్, పిన్ వాష్ అంటారు. తేడా ఏమిటి?

రంగు ఎంత, స్పిరిట్ ఎంత, ఎక్కడ వేశాం అన్నదే తేడా. ఫిల్టర్ చాలా పలచన: ఇరవై పాళ్లలో ఒక పాలు రంగు, మిగతాది స్పిరిట్. చూడ్డానికి నీళ్ల టీలా ఉంటుంది. మోడల్ అంతా పలచగా తడిపితే మొత్తం రంగు కొద్దిగా మారుతుంది, బ్రష్‌లో ద్రవం చెమ్మగా ఉండాలి గానీ కారకూడదు. వాష్ కాఫీ డికాషన్‌లా ఉంటుంది, పది పాళ్లకు ఒకటో రెండో పాళ్లు రంగు. పిన్ వాష్ అంటే అదే డికాషన్‌ను మొత్తం పుయ్యకుండా సందుల్లో, రివెట్ల మొదట్లో మాత్రమే దింపడం.

నా అభిప్రాయంలో మొత్తం మోడల్‌ను వాష్‌లో ముంచెత్తడం దండగ. ఎలాగూ తుడవాల్సిందే, పైగా మూలల్లో స్పిరిట్ నిలిచిపోతుంది. పిన్ వాష్‌కి అరగంట ఎక్కువ పట్టినా పని శుభ్రంగా ఉంటుంది. బ్రష్ మొనను సందు మీద ఒక్కచోట తాకించి ఆపండి. రంగు దానంతట అదే పారుతుంది. ఇరవై నిమిషాల తర్వాత స్పిరిట్‌లో తడిపి బాగా పిండిన బ్రష్‌తో, పక్కకు పాకిన రంగును సందు వైపు తోయండి.

నల్ల రంగుతోనే వాష్ చెయ్యాలా?

ఐవరీ బ్లాక్ ఒక్కటే వాడితే మోడల్ బొమ్మ పుస్తకంలో గీత గీసినట్టు ఉంటుంది. ఆకుపచ్చ, ఖాకీ, బ్రౌన్ బేస్‌లకు రా అంబర్‌లో చిటికెడు నలుపు సరిపోతుంది. బూడిద రంగు విమానానికి పేన్స్ గ్రే, తెల్ల బేస్‌కి రా అంబర్‌లో తెలుపు కలిపిన లేత బూడిద.

చుక్కలు పెట్టి చెరిపే పద్ధతి నాకు ఎప్పుడూ మరకల్లా వస్తోంది.

చుక్కలు పెద్దవైపోతున్నాయి, లేదా స్పిరిట్ ఎక్కువవుతోంది. ఒక్కో పలక మీద చీపురు పుల్ల మొనతో నాలుగైదు చుక్కలు చాలు. పై భాగంలో తెలుపు, ఆకర్ లాంటి లేత రంగులు, కింది భాగంలో అంబర్ లాంటి ముదురు రంగులు పెట్టండి. ఫ్లాట్ బ్రష్‌ను స్పిరిట్‌లో ముంచి, గుడ్డ మీద దాదాపు పొడిగా అయ్యేదాకా తుడిచి, నిలువు గోడల మీద పై నుంచి కిందికి మాత్రమే లాగండి. ప్రతి నాలుగు లాగులకూ బ్రష్ తుడవాలి. చుక్క పూర్తిగా మాయమైపోయిందనిపించే దాకా లాగితేనే సరైన పాలు మిగులుతుంది. కళ్లు కొంచెం మూసి చూస్తే రంగు మారినట్టు తెలియాలి, తెరిచి చూస్తే ఎక్కడ మారిందో తెలియకూడదు.

నీటి చారలు గీతలు గీసినట్టు వస్తున్నాయి. సన్నగా ఎలా లాగాలి?

ముందు స్కేల్ లెక్క వేసుకోండి. 1:35 (నిజంలో ముప్పై ఐదో వంతు) ట్యాంకు మీద ఒక మిల్లీమీటర్ వెడల్పు చార నిజంలో మూడున్నర సెంటీమీటర్లు. అదే మిల్లీమీటర్ 1:87 వేగన్ మీద దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు, అంటే నాలుగు వేళ్లు కలిపినంత. అంత లావు చార నిజం వేగన్ మీద అరుదు. అందుకే సన్నగా గీయాలని తాపత్రయపడకండి, లావుగా గీసి సన్నగా తుడవండి. 0 బ్రష్‌తో ఒక గీత పెట్టి, పది నిమిషాలు ఆగి, చెమ్మ ఫ్లాట్ బ్రష్‌తో దానికి ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి పై నుంచి కిందికి లాగండి. మధ్యలో వెంట్రుకంత మిగులుతుంది. చారలన్నీ ఒకే పొడవు ఉండకూడదు, ప్రతి బోల్టుకీ ఉండకూడదు. నాలుగింటిలో ఒకదానికి చాలు.

## మన దుమ్ము, మన తుప్పు

ఇనప ఖనిజం మోసే వేగన్ చేస్తున్నాను. బేసే ఎర్ర బ్రౌన్, తుప్పు బ్రౌన్, దుమ్ము కూడా ఎర్రన. ఏదీ వేరుగా కనిపించట్లేదు.

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నేను కూడా ఎక్కువ కాలం తిప్పలు పడింది దీంతోనే. బైలడిలా ఖనిజం కిరండుల్ నుంచి కొత్తవలస లైన్ మీదుగా విశాఖ వైపు వెళ్తుంది కాబట్టి జయపురం, కొరాపుట్ స్టేషన్లలో ఈ వేగన్లను దగ్గరగా చూసే అవకాశం మనకు ఉంది. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి చూస్తే మూడు ఎరుపులు మూడు రకాలని తెలుస్తుంది.

బైలడిలా ఖనిజం హెమటైట్. ముక్కగా ఉంటే ఉక్కులా బూడిదగా, పొడి అయితే ముదురు ఎరుపుగా, కాస్త ఊదా ఛాయతో ఉంటుంది. ఇండియన్ రెడ్‌లో చిటికెడు ఐవరీ బ్లాక్ కలిపితే సరిగ్గా అదే వస్తుంది. తుప్పు దీనికంటే పసుపు వైపు ఉంటుంది: కొత్త తుప్పుకి బర్న్ట్ సియెన్నాలో కొద్దిగా ఆకర్, పాత తుప్పుకి బర్న్ట్ అంబర్. వేగన్ రంగు ఈ రెండిటి మధ్యలో ఉంటుంది, అందుకే మూడూ కలిసిపోతున్నాయి. బేస్‌లో కొంచెం తెలుపూ బూడిదా కలిపి ఎండకు వెలిసినట్టు లేతగా వేసుకుంటే సగం సమస్య తీరుతుంది.

మిగతా సగం ఎక్కడ ఏది వెయ్యాలన్నది. ఖనిజం బరువెక్కువ, అందుకే దాన్ని మోసే బాక్స్‌ఎన్ అనే పైకప్పు లేని వేగన్ అంచుదాకా నిండదు. లోపలి గోడల్లో కింది సగం రాళ్లు రాసుకుని గీతలు పడి, ఇనుము తేలి ఉంటుంది. పై సగంలో తుప్పూ పాత రంగూ మిగులుతాయి. ఒకే రంగుతో లోపలంతా పులిమేస్తే ఈ గీత పోతుంది, వేగన్ ఏం మోసిందో తెలియదు. బయట తలుపుల అంచుల్లోంచి దుమ్ము సన్నగా రాలి, వానకు కిందికి కారుతుంది. టిప్లర్ మీద తిరగేసి దించే వేగన్ కాబట్టి పై అంచు మీద, దాని కింద నాలుగు వేళ్ల మేర దుమ్ము ఎక్కువ. నిలువు పట్టీల మధ్య పలకల్లో తక్కువ, పట్టీల మొదట్లో మళ్లీ ఎక్కువ. బోగీలూ (చక్రాలను పట్టుకునే చట్రాలు) చక్రాలూ వేరే రంగు, అక్కడ బ్రేకు దుమ్ము, గ్రీజు కలిసి రా అంబర్, నలుపు మిశ్రమంలా ఉంటుంది.

వరస ఇలా పెట్టుకోండి: ముందు వెలిసిన పలకలు, ఆరాక తుప్పు, అది ఆరాక ఆఖరున ఖనిజం దుమ్ము. దుమ్మే ఆఖరు ఎందుకంటే నిజంలో కూడా అది నిన్నటిది, తుప్పు పదేళ్లది.

కొరాపుట్ రోడ్ల ఎర్రమట్టి లారీ మోడల్‌కి ఎలా తేవాలి? అసలు మట్టే తెచ్చి వెయ్యొచ్చా?

రంగుతో అయితే యెల్లో ఆకర్ రెండు పాళ్లు, బర్న్ట్ సియెన్నా ఒక పాలు, కొద్దిగా తెలుపు. ఇది ఆరిన దుమ్ము. తడి బురదకు తెలుపు తీసేసి రా అంబర్ కలపండి. టైర్ల మీద, మడ్‌గార్డ్ లోపల తడి బురద, తలుపుల కింది సగంలో ఆరిన దుమ్ము ఉండాలి. రెండూ ఒకే రంగులో వేస్తే కళ్లకు ఆనదు.

అసలు మట్టి వాడొచ్చు, కానీ రేణువు పరిమాణం చూసుకోండి. పదో వంతు మిల్లీమీటర్ రేణువు 1:87 మోడల్ మీద దాదాపు తొమ్మిది మిల్లీమీటర్ల గులకరాయిలా కనిపిస్తుంది. మట్టిని బాగా ఎండబెట్టి, రోట్లో మెత్తగా నూరి, పలచటి నూలు గుడ్డలో మూట కట్టి కాగితం మీద తట్టండి. రాలే బూడిదలాంటి పొడి మాత్రమే మనకు కావలసింది. తడిగా ఉన్న ఆయిల్ రంగు మీద దాన్ని బ్రష్‌తో రాల్చితే అక్కడే పట్టుకుంటుంది. 1:35 లారీకి ఇది చాలా అందంగా కుదురుతుంది. 1:87కి రంగే మేలు.

నౌపడ–గుణుపురం చిన్న బండి ఆవిరి ఇంజన్ చేస్తున్నాను. అంతా నల్లగానే ఉంటే సరిపోతుందా?

ఆ లైన్ మీద నాకూ ప్రేమ ఉంది. 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా వచ్చిన రెండున్నర అడుగుల గేజ్ అది. 2004లో నేరో గేజ్ ఆగింది, తర్వాత బ్రాడ్ గేజ్‌కి మారింది. 1:87లో ఆ గేజ్ దాదాపు తొమ్మిది మిల్లీమీటర్లు అవుతుంది, అంటే ఎన్ గేజ్ పట్టాలే వాడుకోవచ్చు.

ఆవిరి ఇంజన్ ఒకే నలుపు కాదు. కప్పు మీద, పొగగొట్టం చుట్టూ మెరుపు లేని మసి. సేఫ్టీ వాల్వ్, విజిల్ కింద నీటిలోని సున్నం ఆరి తెల్లటి చారలు, టైటానియం వైట్‌లో కొద్దిగా రా అంబర్ కలిపి చాలా పలచగా లాగాలి. స్మోక్‌బాక్స్ తలుపు కింద బూడిద. సిలిండర్లు, కనెక్టింగ్ రాడ్ల దగ్గర మాత్రం నూనె మెరుపు ఉండాలి, అక్కడ ట్యూబు రంగును అట్ట మీద పెట్టకుండా నూనెతోనే వాడండి. డ్రైవర్ ఎక్కే మెట్టు, పట్టుకునే కడ్డీ అరిగి మెరుస్తుంటాయి. మసి, సున్నం, నూనె అనే మూడూ వేరువేరుగా కనిపిస్తే నల్ల ఇంజన్‌కి ప్రాణం వస్తుంది.

విశాఖ బీచ్‌లో ఉన్న జలాంతర్గామి, విమానం చూసి వెదరింగ్ నేర్చుకోవచ్చా?

కుర్సురా జలాంతర్గామిని, టీయూ–142 విమానాన్ని తప్పక చూడండి. ఆకారాలకు, రివెట్ల వరసలకు, కొలతలకు చాలా ఉపయోగం. కానీ అవి ప్రదర్శనకు పెట్టినవి, రంగులు వేసి కాపాడుతుంటారు. పనిలో ఉన్నప్పటి అరుగుదల వాటి మీద దొరకదు. దానికి పనిచేస్తున్న వస్తువులే చూడాలి: లారీ స్టాండు, గూడ్స్ షెడ్డు, రైసు మిల్లు ట్రాక్టరు. రైల్వే ఆవరణలో పట్టాల దగ్గరికి మాత్రం వెళ్లకండి, ప్లాట్‌ఫామ్ మీంచి కనిపించేది చాలు.

## ఆరడం, ఆగడం

ఒక్కో పొరకు ఎన్ని రోజులు ఆగాలి?

అట్ట మీద నూనె తీసి, పలచగా వేసిన పొరకు ఒకటి నుంచి మూడు రోజులు. మందంగా వేసినది వారం దాటొచ్చు. అన్ని రంగులూ ఒకేలా ఆరవు. అంబర్లలో మాంగనీస్ ఉంటుంది, అది నూనె గట్టిపడటాన్ని తొందరపెడుతుంది కాబట్టి అవి ముందు ఆరతాయి. ఐవరీ బ్లాక్, టైటానియం వైట్ ఆలస్యం. డిసెంబరు, జనవరిలో కొరాపుట్ చలికి ఇంకొన్ని రోజులు కలుపుకోండి. ఆరిందో లేదో మోడల్ మీద వేలు పెట్టి చూడొద్దు. అదే రోజు అదే మిశ్రమం ఒక ప్లాస్టిక్ ముక్క మీద కూడా వేసి పక్కన పెట్టుకోండి, వేలు దాని మీద పెట్టండి.

హెయిర్ డ్రయ్యర్ పెట్టొచ్చా? ఎండలో పెడితే?

హెయిర్ డ్రయ్యర్ వేడికి సన్నటి ప్లాస్టిక్ భాగాలు వంగిపోతాయి. ఎండలో, అందులోనూ మే నెల డాబా మీద పెడితే అదే గతి. వెలుతురు, గాలి వచ్చే గదిలో నీడన పెట్టండి. చీకటి బీరువాలో దాచొద్దు, చీకట్లో ఆరే నూనె పసుపు తిరుగుతుంది, తెల్ల రంగు మీద అది బాగా తెలుస్తుంది. దుమ్ము పడకుండా స్వీట్ల ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, గాలి ఆడటానికి కింద రెండు అగ్గిపుల్లలు పెట్టండి.

## తప్పు జరిగితే

ఎక్కువ వేసేశాను. మొత్తం పోయినట్టేనా?

అదే రోజు అయితే ఏమీ పోలేదు, స్పిరిట్ బ్రష్‌తో చెరిపెయ్యండి. రెండో రోజు అయితే ఇయర్ బడ్‌ను స్పిరిట్‌లో తడిపి, ఓపిగ్గా గుండ్రంగా రుద్దితే చాలావరకు వస్తుంది. వారం దాటితే రాదు. అప్పుడు గట్టిగా రుద్దితే బేస్ పోతుంది తప్ప మరక పోదు. దాని మీద బేస్ రంగునే ఆయిల్‌లో కలిపి పలచగా వేసి మెత్తబరచండి.

వాష్ వేసిన కొన్నాళ్లకు ప్లాస్టిక్ చిట్లింది. ఎందుకు?

ఇది నాకు జరిగింది. ప్లాస్టిక్ షీటు కోసి నాలుగు నెలలు కూర్చుని చేసిన వేగన్ అది. బోగీల దగ్గర రంగు వెయ్యని చోట వాష్ ధారాళంగా పోశాను, గుంటల్లో నిలిచిపోయింది. పది రోజుల తర్వాత చేతిలోకి తీసుకుంటే యాక్సిల్ పట్టుకునే ముక్క చిటుక్కున విరిగింది. విరిగిన చోటు చూస్తే లోపలంతా సన్నటి బీటలు. పోసిన స్పిరిట్ బిగువులో ఉన్న ప్లాస్టిక్‌లోకి ఇంకి దాన్ని పెళుసు చేస్తుంది. బిగించి అంటించిన చోట్లు, ట్యాంకు చక్రాల చేతులు, సన్నటి యాక్సిళ్లు ప్రమాదకరమైనవి. కనిపించని అడుగు భాగానికి కూడా ప్రైమర్, బేస్ వెయ్యండి. అక్కడ వాష్ కొద్దికొద్దిగా వెయ్యండి, నిలిచిన చుక్కను వెంటనే పొడి బ్రష్‌తో పీల్చెయ్యండి.

చివర్లో మ్యాట్ వార్నిష్ కొట్టగానే చేసిందంతా మాయమైపోయింది.

మాయం కాలేదు, వెలిసింది. మ్యాట్ పొర వెలుతురును చెదరగొట్టి ముదురు రంగులను లేతగా, తేడాలను తక్కువగా చూపిస్తుంది. పలచటి దుమ్ము పొరలు ముందుగా దెబ్బతింటాయి. నేను పిన్ వాష్, చారలు అయ్యాక మ్యాట్ వేసి, ఆఖరి దుమ్మును ఆ మ్యాట్ మీదే వేసి, దాని మీద ఇంకేమీ కొట్టను. నూనె మెరుపు ఉండాల్సిన చోట్లు కూడా మ్యాట్ తర్వాతే.

## గదిలో జాగ్రత్తలు

రంగు తుడిచిన గుడ్డలు మామూలు చెత్తబుట్టలో వెయ్యొచ్చా?

వెయ్యకండి. ఇది ప్రతి ఒక్కరూ పట్టించుకోవాలి. అవిసె నూనె ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుంది. ఉండ చుట్టి పడేసిన గుడ్డలో బయటికి పోలేక పెరుగుతూ, ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకోగలదు. నేను మూత ఉన్న పాత రేకు డబ్బాలో నీళ్లు పోసి ఉంచుతాను. వాడిన గుడ్డ, టిష్యూ, ఇయర్ బడ్ వెంటనే అందులో మునగాల్సిందే. రాత్రి గది తలుపు వేసే ముందు బల్ల మీద ఒక్క గుడ్డ కూడా మిగలకూడదు.

ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు. వాసనతో ఇబ్బందా?

వాసన లేని స్పిరిట్ అయినా ఆవిరి ఆవిరే. కిటికీ తెరిచి, ఫ్యాన్ గాలి మీ వైపు నుంచి కిటికీ వైపు వెళ్లేలా కూర్చోండి. పూజగది దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి దగ్గర సీసా మూత తియ్యకండి. స్పిరిట్‌ను ఎప్పుడూ తాగునీటి సీసాలో పోసి పెట్టొద్దు, చూడ్డానికి అచ్చం నీళ్లే. కాడ్మియం, లెడ్ పేరున్న ట్యూబులు మన పనికి అవసరమే లేదు. ఇప్పటికే ఉంటే ఆరాక సాండ్‌పేపర్ పెట్టి రుద్దకండి.

మురికి స్పిరిట్ ఏం చెయ్యాలి? సింకులో పారబోస్తున్నాను.

సింకులో, కాలువలో వద్దు. మూత ఉన్న గాజు సీసాలో పోసి కదపకుండా రెండు రోజులు ఉంచండి. రంగు అడుగుకు దిగుతుంది, పైన తేరిన స్పిరిట్‌ను మెల్లగా ఇంకో సీసాలోకి వంచుకుంటే బ్రష్‌లు కడగడానికి మళ్లీ పనికొస్తుంది. నా దగ్గర రెండు సీసాలు ఇలాగే తిరుగుతుంటాయి, ఒకటి తేరుతుంటే ఇంకొకటి వాడకంలో. స్పిరిట్‌లో కడిగిన బ్రష్‌ను బట్టల సబ్బు మీద రుద్ది, గోరువెచ్చటి నీళ్లలో నురగ తెల్లగా వచ్చేదాకా కడిగి, మొన వేళ్లతో సరిచేసి, పడుకోబెట్టి ఆరనివ్వండి.